వర్కరౌండునకు కారణము వ్రాయుట

ఎంబెడెడ్ లినక్సు పనిలో క్రొత్తగా అడుగిడిన యువతీయువకులకు తప్పక ఎదురగు ఘట్టమొకటి కలదు. చిప్పును నిర్మించిన సంస్థ పంపిన రిఫరెన్సు బోర్డు మీద ఏ లోపమును లేక నడచిన కెర్నెలు, తమ సంస్థ స్వయముగా రూపొందించిన బోర్డు మీదికి వచ్చునప్పటికి మొరాయించును. లేక బూట్ అయి, కొంతసేపు చక్కగా నడచి, హఠాత్తుగా నెట్‌వర్కును పోగొట్టుకొనును. లేక ఎస్‌డీ కార్డు మొదటిసారి కనబడి, రీబూట్ చేసిన వెంటనే కనబడకపోవును. గడువు సమీపించియుండును; మేనేజరు గంటగంటకు వచ్చి అడుగుచుండును; అట్టి సమయమున ఎవరో యొక సీనియరు, డివైస్ ట్రీ ఫైలులో ఫలానా చోట ఫలానా పంక్తి చేర్చి చూడుమని చెప్పగా, చేర్చినంతనే బోర్డు నడచును. అందరును ఊపిరి పీల్చుకొని ఇండ్లకు పోవుదురు. పంక్తి మాత్రము అక్కడనే నిలిచియుండును. కొన్ని సంవత్సరముల తరువాత, దానిని వ్రాసినవారు వేరొక సంస్థకు వెడలిపోయిన పిదప, దానిని ఉంచవలెనో తీసివేయవలెనో తెలియక మరియొకరు దాని ముందు కూర్చుండి తల పట్టుకొందురు. వర్కరౌండు వ్రాయుట తప్పని నేను చెప్పను. బోర్డు మనుష్యులు నిర్మించిన వస్తువు గనుక అందు లోపములుండును. వానిని సాఫ్ట్‌వేరు సర్దుకొనక తప్పదు. ఆ సర్దుబాటు బోర్డును గూర్చి నిజము చెప్పుచున్నదా, మనకు తెలియని దానిని కప్పిపుచ్చుచున్నదా యనునదే ఈ అధ్యాయమున నేను విచారింపదలచిన విషయము.

ముందుగా కొంత పూర్వరంగము. ప్రాసెసరునకు ఒక వోల్టేజి, మెమరీకి వేరొకటి, ఈథర్‌నెట్ చిప్పునకు ఇంకొకటి కావలసియుండుటచే, బోర్డు మీదికి వచ్చు సప్లైని అనేక శాఖలుగా విభజించి, ఒక్కొక్క శాఖను ఒక్కొక్క రెగ్యులేటరు అధీనమున నుంతురు. కృష్ణా డెల్టాలో ప్రధానమైన కాలువ నుండి పిల్లకాలువలకు నీరు వదలునట్లే, ఇక్కడను పై తలుపు మూసినచో క్రింది చేలన్నియు ఎండును. పీఎంఐసీ యని అందరును పిలుచు పవర్ మేనేజ్‌మెంట్ చిప్పులో ఇట్టి రెగ్యులేటర్లు అనేకము ఒకే చోట నుండును. ప్రాసెసరు వానితో ఐ2సీ బస్సు మీద సంభాషించును. వీనిని అదుపుచేయు రెగ్యులేటరు ఫ్రేమ్‌వర్కు లినక్సు కెర్నెలునందు 2008లో, 2.6.27 వెర్షనుతో చేరినది; లియమ్ గిర్డ్‌వుడ్, మార్క్ బ్రౌన్ దాని నిర్మాతలలో ముఖ్యులు. ఓపెన్ ఫర్మ్‌వేరు నుండి, అనగా 1994 నాటి ఐఈఈఈ 1275 ప్రమాణము నుండి సంక్రమించిన డివైస్ ట్రీ, 2011 తరువాత ఆర్మ్ బోర్డులకు క్రమక్రమముగా ఆధారమైనది. అంతకు పూర్వము బోర్డు బోర్డునకు ఒక సీ ఫైలు వ్రాయుచుండిరి. ఆ ఫైళ్ల రాశి అంతకంతకు పెరుగుటయు, లైనస్ టోర్వాల్డ్స్ అందుకు బహిరంగముగా ఆగ్రహించుటయు ఈ మార్పునకు ప్రబల కారణములైనవి.

ఈ చరిత్రలో మన పనికి వచ్చు అంశ మొక్కటే. డివైస్ ట్రీ ఆజ్ఞల పట్టిక కాదు, అది వర్ణన. బోర్డు మీద ఏమున్నదో, ఏది దేనికి కలపబడియున్నదో, ఏ తీగె మీద ఎంత వోల్టేజి సురక్షితమో చెప్పుటయే దాని ధర్మము. రెగ్యులేటరు నోడులో మైక్రోవోల్టులలో వ్రాయు కనిష్ఠ గరిష్ఠ సంఖ్యలను గూర్చి క్రొత్తవారికి కలుగు భ్రమ ఇక్కడనే తొలగవలెను. పీఎంఐసీ డేటాషీటులో ఆ రెగ్యులేటరు ఎంత నుండి ఎంత వరకు ఈయగలదో చూచి, ఆ సంఖ్యలనే తెచ్చి ఇక్కడ వ్రాయువారు అనేకులు. చిప్పు శక్తి డ్రైవరునకు ముందే తెలియును. దానిని మరల చెప్పనక్కరలేదు. ఇక్కడ వ్రాయవలసినది ఆ తీగెకు కట్టబడిన వస్తువులన్నియు ఓర్చుకొనగల పరిధి. రెండు సంఖ్యలు సమానమైనచో ఆ వోల్టేజిని మార్చు అధికారము ఏ డ్రైవరునకును ఉండదు. భిన్నమైనచో, ఆ పరిధిలో యథేచ్ఛగా మార్చుకొనుమని మనమే అనుమతి యిచ్చినట్లగును. 1.35 వోల్టులతో నడచు డీడీఆర్3ఎల్ మెమరీకి పోవు తీగె మీద 3.3 వోల్టుల వరకు అనుమతి వ్రాసి, ఇంతవరకు ఏ డ్రైవరును అడుగలేదు గనుక క్షేమముగా నున్నామని సంతోషించుట వివేకము కాదు. నియమములు చిప్పువి కావు, బోర్డువి. కావుననే అవి చిప్పునకు సంబంధించిన ఉమ్మడి ఫైలులో గాక బోర్డు ఫైలులో నుండవలెను.

ఇప్పుడు నెట్‌వర్కు హఠాత్తుగా పోవు బోర్డును దగ్గరగా చూతము. బూట్ అయినది, ఐపీ అడ్రసు వచ్చినది, పింగ్ ఆడుచున్నది. అర నిమిషము గడచునప్పటికి పింగ్ ఆగినది. మరల బూట్ చేసినను సరిగా అంతే. కారణము లేకుండ వచ్చు తెగుళ్లకు ఇంత క్రమశిక్షణ యుండదు. కాలము ఇంత నిలకడగా నున్నదన్న, దాని వెనుక ఎవరో గడియారము చూచుచున్నారనియే అర్థము. కెర్నెలు లాగ్ చదివినచో, ఈథర్‌నెట్ సప్లై పేరును దాని ప్రక్కన డిజేబ్లింగ్ అను మాటయు కనబడును. జరిగిన దిది: బూట్‌లోడరు ఆ రెగ్యులేటరును ఆన్ చేసి కెర్నెలునకు అప్పగించినది, కెర్నెలు తన డివైస్ ట్రీలో ఆ సప్లై కావలెనని అడుగు పరికర మేదియు లేకుండుట చూచి, బూట్ ముగిసిన పిదప 30 సెకన్లు వేచి, వినియోగదారు లేని రెగ్యులేటర్లను ఆర్పివేయు తన నియమము ననుసరించి దానిని ఆర్పివేసినది. కెర్నెలు తప్పు చేయలేదు. దానికి మనము నిజము చెప్పలేదు.

ఈ స్థితిలో చేతికి సులభముగా అందునది రెగ్యులేటర్-ఆల్వేస్-ఆన్ అను ప్రాపర్టీ. దానిని చేర్చినంతనే నెట్‌వర్కు నిలుచును. అందుచేతనే అది ఇంత ప్రమాదకరము. ఈ సప్లై ఎన్నడును ఆరరాదని అది చెప్పుచున్నది. ఈథర్‌నెట్ చిప్పునకు ఈ సప్లై కావలెనని చెప్పుట లేదు. రేపు బ్యాటరీ మీద నడచు పరికరము నిదురించునప్పుడు ఆ తీగె వృథాగా వెలుగుచుండును. చిప్పు మొరాయించినప్పుడు డ్రైవరు దానిని ఆర్పి మరల వెలిగింపజాలదు. చేయవలసినది, ఈథర్‌నెట్ నోడులో ఫై-సప్లై అను ప్రాపర్టీ ద్వారా ఆ రెగ్యులేటరును చూపుట. నిజముగా ఎన్నడును ఆరరాని తీగెలును లేకపోలేదు. మెమరీకి పోవునది అట్టిది. ఏ డ్రైవరునకును చెందక ఐ2సీ బస్సు పుల్-అప్ రెసిస్టర్లను మాత్రమే పోషించునది అట్టిది. వానికి ఆల్వేస్-ఆన్ సత్యమైన వర్ణన. ప్రక్కనే ఆ రెసిస్టర్ల మాట వ్రాసినచో తరువాతివారికి సందేహ ముండదు. అనుమాన నివృత్తి కొరకు, క్రొత్త కెర్నెళ్లలో వినియోగము లేని రెగ్యులేటర్లను ఆర్పకుండ నిలుపు బూట్ పారామీటరు రెగ్యులేటర్_ఇగ్నోర్_అన్‌యూజ్డ్ కలదు. దానితో తెగులు మాయమైనచో, వర్ణనలో ఎచ్చటనో ఒక వినియోగదారుని మరచితిమని తెలియును. అది రోగము నెఱుగుటకు మాత్రమే. అమ్మకమునకు పోవు పరికరములో దానిని విడిచిపెట్టరాదు.

డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో రెగ్యులేటర్_సమ్మరీ అను ఫైలును తెరచి చూచు అలవాటును ప్రతివారును మొదటి దినముననే చేసికొనవలెను. ఏ రెగ్యులేటరు క్రింద ఏది యున్నదో, ఎందరు వాడుచున్నారో, ప్రస్తుత వోల్టేజి ఎంతయో, అనుమతింపబడిన కనిష్ఠ గరిష్ఠము లేవియో ఆ ఒక్క ఫైలు వృక్షరూపమున చూపును. ఒక ప్రక్క దానిని, మరియొక ప్రక్క స్కిమాటిక్‌ను పెట్టుకొని, తీగె తీగెను సరిపోల్చినచో దొరకని తప్పులు బహు స్వల్పము. లాగ్‌లో ఫలానా సప్లై దొరకలేదు, డమ్మీ రెగ్యులేటరు వాడుచున్నాను అను పంక్తులను కూడ ఉపేక్షింపరాదు; అవి దోషములు కానక్కరలేదు గాని, కెర్నెలు మనలను అడిగి జవాబు పొందని ప్రశ్నలు.

ఇంకొక చిక్కు ధ్రువత్వమునకు సంబంధించినది. ఒక జీపీఐఓ తీగెతో ఆన్ ఆఫ్ చేయు సామాన్యమైన రెగ్యులేటరును రెగ్యులేటర్-ఫిక్స్‌డ్ అను నోడుగా వ్రాయుదుము. జీపీఐఓ పంక్తిలో యాక్టివ్-హై అని స్పష్టముగా వ్రాసియు, రెగ్యులేటరు తలక్రిందులుగా పనిచేయుట చూచి విస్తుపోయినవారిని నేనెరుగుదును. ఈ నోడు విషయమున కెర్నెలు ఆ ఫ్లాగును బుద్ధిపూర్వకముగానే విస్మరించును. ఎనేబుల్-యాక్టివ్-హై అను ప్రత్యేకమైన ప్రాపర్టీ ఉన్నదా లేదా యనునదే సర్వమును నిర్ణయించును. ఇది తెలియనివారు, తీగె తలక్రిందులైనదని భ్రమించి, బూట్‌లోడరులో జీపీఐఓను ముందే పైకి లాగి, డ్రైవరులో ఆలస్యము చేర్చి, ఒక లేని లోపమునకు రెండు వర్కరౌండులు కట్టుదురు. ఆలస్యముల మాటయు ఇట్టిదే. సప్లై ఆన్ అయిన పిదప ఎంతసేపు వేచియుండవలెనో చెప్పు స్టార్టప్-డిలే-యూఎస్, ఆర్పిన పిదప కెపాసిటర్లు ఖాళీ యగువరకు ఆగుమని చెప్పు ఆఫ్-ఆన్-డిలే-యూఎస్ — ఇవి రెండును మైక్రోసెకన్లలో వ్రాయబడు సంఖ్యలు. పనిచేయువరకు సంఖ్యను రెట్టింపు చేయుచు పోవుట పరిశోధన కాదు. ఆసిలోస్కోపు ప్రోబును ఆ తీగె మీద నుంచి, వోల్టేజి ఎంతసేపటికి నిలకడ చెందుచున్నదో చూచి, డేటాషీటు కోరు అదనపు కాలమును దానికి చేర్చి వ్రాసినచో, ఆ సంఖ్యను ఎవరు ప్రశ్నించినను జవాబు మన చేతిలో నుండును.

ఇంతవరకు చెప్పినవి వర్ణనను సరిదిద్దుటతో తీరునవి. వర్ణించు భాషకే కొరత గలిగినప్పుడు ఏమి చేయవలెను? ఆరెంజ్ పై 3 అను బోర్డును చూడుడు. దాని ఈథర్‌నెట్ చిప్పునకు రెండు రెగ్యులేటర్లు వెలుగవలెను: ఒకటి ఏఎక్స్‌పీ805 పీఎంఐసీలోని ఆల్డో2, రెండవది జీపీఐఓతో నడచు 2.5 వోల్టుల రెగ్యులేటరు. డ్రైవరు మాత్రము ఒక్క సప్లైనే అడుగుటకు నేర్చినది. అప్పుడు ఆ డివైస్ ట్రీ రచయిత, 2.5 వోల్టుల రెగ్యులేటరునకు తల్లి ఆల్డో2 అని వ్రాసెను. తల్లిని వెలిగింపక బిడ్డ వెలుగదు గనుక, ఒక్క సప్లైని అడిగినచో రెండును వెలుగును. ఈ బంధుత్వము బోర్డు మీద లేదు; దాని నిజమైన తల్లి 5 వోల్టుల సప్లై. ఇట్టి అసత్యమును నేను ఎందులకు మెచ్చుకొనుచున్నాననగా, ఆ పంక్తికి పైననే, నిజమైన తల్లి యెవరో, రెండు రెగ్యులేటర్లు వెలిగింపవలసియుండుటచే ఇట్లు చేసితిమనియు రచయిత స్పష్టముగా వ్యాఖ్య వ్రాసియున్నాడు. చదువరి మోసపోడు, డ్రైవరు రెండు సప్లైలను అడుగుట నేర్చిన దినమున ఆ పంక్తిని నిర్భయముగా మార్చవచ్చును.

దీనికంటెను ఉత్తమమైన ఉదాహరణము బీగిల్‌బోన్ కుటుంబములో కలదు. టీపీఎస్65217 అను దాని పీఎంఐసీ, పరికరమును ఆపునప్పుడు పూర్తిగా ఆరిపోవచ్చును, లేక గడియారమును మాత్రము బ్రతికించు ఆర్‌టీసీ-ఓన్లీ స్థితిలో నిదురింపవచ్చును. రెండవది విద్యుత్తును పొదుపు చేయుచు కాలమును నిలుపు సదుపాయమే అయినను, బీగిల్‌బోన్ వెర్షన్లలో చాల భాగము ఆ స్థితికి తగిన నిర్మాణము గలవి కావు. అందు ప్రవేశించినచో హార్డ్‌వేరు దెబ్బతినవచ్చును. కావున ఆ బోర్డుల ఉమ్మడి ఫైలులో టీఐ,పీఎంఐసీ-షట్‌డౌన్-కంట్రోలర్ అను ప్రాపర్టీ నుంచి, ఆపునప్పుడు పూర్తిగా ఆరునట్లు చేసిరి. వ్యాఖ్య అక్కడితో ఆగదు: 2015 మే నెలలో ఈ విషయము చర్చింపబడినదని చెప్పును, తన బోర్డునకు ఈ లోపము లేదని నిశ్చయించుకొన్నవారు డిలీట్-ప్రాపర్టీతో దానిని ఎట్లు తొలగించుకొనవచ్చునో చూపును, అట్లు తొలగించినవారు ఆపిన పిదప విద్యుత్ప్రవాహమును కొలువవలెననియు, అది 1 మిల్లీఆంపియరుకంటె తక్కువగా నుండవలెననియు సలహా నిచ్చును. కారణము, ప్రమాదము, తొలగించు మార్గము, పరీక్షించు విధము — నాలుగును ఒక్క వ్యాఖ్యలో ఇమిడినవి. వర్కరౌండు వ్రాయుట నేర్వదలచినవారు కెర్నెలు సోర్సులో ఆ ఫైలును తెరచి ఒకసారి చదువవలెను.

ఎస్‌డీ కార్డు రీబూటులో మాయమగు తెగులునకు రెండు తీరుల పరిష్కారము కలదు. ఏది సరియో స్కిమాటిక్ చెప్పవలెను. అధిక వేగమునకై కార్డు 3.3 వోల్టుల సంకేతముల నుండి 1.8 వోల్టులకు దిగినచో, దాని సప్లైని ఆర్పి వెలిగించువరకు అది వెనుకకు రాదు. రీబూట్ ప్రాసెసరును మేల్కొలుపును గాని కార్డు సప్లైని ఆర్పదు. బూట్ రోమ్ 3.3 వోల్టులతో పిలిచినచో కార్డు పలుకదు. కార్డు సప్లైకి స్విచ్చి యున్న బోర్డైనచో, దానిని వీఎంఎంసీ-సప్లైగా వర్ణించి, రీబూట్‌లో అది ఆరి వెలుగునట్లు చూచుకొనవలెను. స్విచ్చియే లేని బోర్డైనచో నో-1-8-వీ అను ప్రాపర్టీ వ్రాయవలెను. వేగము తగ్గి సెకనుకు 25 మెగాబైట్లకు దిగును. అయినను అది ఆ బోర్డును గూర్చి నిష్కపటమైన మాట. ఈ నష్టమును మేనేజరునకు ముందుగానే చెప్పి, తరువాతి రివిజనులో స్విచ్చి చేర్పించుట ఇంజనీరు కర్తవ్యము.

డివైస్ ట్రీ వలన తీరనివియు కొన్ని యుండును. రెనెసాస్ ఆర్-కార్ రెండవ తరము బోర్డులైన లాగర్, కోల్ష్ మొదలగువానిలో డీఏ9063, డీఏ9210 అను రెండు జాతుల రెగ్యులేటర్ల ఇంటరప్టు తీగెలను ప్రాసెసరు యొక్క ఒకే ఐఆర్‌క్యూ2 పిన్నునకు కట్టిరి. కోల్డ్ బూట్ తరువాత రెండును ఒకేసారి ఇంటరప్టు నెత్తిపట్టును. మొదట మేల్కొన్న డ్రైవరు తన చిప్పును శాంతింపజేయగలదు గాని రెండవదానిని ఎరుగదు, రెండవ డ్రైవరు ఇంకను రాలేదు, తీగె దిగదు, ఇంటరప్టుల తుఫానులో ప్రాసెసరు చిక్కుపడును. వర్ణనలో దోషమే లేదు. ఇరువురు డ్రైవర్లలో ఎవరిదియు తప్పు లేదు. చిక్కంతయు కాలక్రమములో నున్నది. ఐ2సీ మాస్టరు సిద్ధమైన పిదప, ఆ బస్సు మీది చిప్పుల డ్రైవర్లు రాకమునుపు, ఆ సన్నని సందులో రెండు జాతుల చిప్పుల ఇంటరప్టులను మాస్క్ చేయు చిన్న సీ ఫైలు 2015లో కెర్నెలునకు చేరినది. ఆ ఫైలు మొదట ఐఆర్‌క్యూ2 నిజముగా ఎత్తబడియున్నదా యని చూచి, లేనిచో తనంతట తానే తప్పుకొనును. ఆరంభమున చిప్పుల ఐ2సీ అడ్రసులు అందే వ్రాయబడియుండగా, తరువాతి కాలమున వానిని డివైస్ ట్రీ నుండియే చదివి, ఐఆర్‌క్యూ2కు కట్టబడినవానినే ఏరుకొనునట్లు మార్చిరి. కోడుతో చేయక తప్పని పనిలోను బోర్డు వివరములు బోర్డు వర్ణన నుండియే రావలెనని వారు పట్టుపట్టుట నాకు ఆదర్శప్రాయముగా తోచును.

ఇక రివిజన్ల మాట. లోపము గల బోర్డులు ఫీల్డులో నడచుచుండగా, లోపము దిద్దిన క్రొత్త రివిజను వచ్చును. అప్పుడు పాత ఫైలునే సవరించి రెండింటికిని సరిపెట్టజూచుట వలన పాతవి చెడును, లేక క్రొత్తవాని గుణము వృథా యగును. ఉమ్మడి విషయములు డీటీఎస్‌ఐ ఫైలులో నుంచి, ఒక్కొక్క రివిజనునకు ఒక్కొక్క చిన్న డీటీఎస్ వ్రాసి, వర్కరౌండును పాత రివిజను ఫైలులో మాత్రమే నిలుపవలెను. ఏ బోర్డు ఏ రివిజనో యంత్రమే తెలిసికొనుటకు బీగిల్‌బోన్‌లో వలె ఒక ఈఈప్రామ్‌లో బోర్డు పేరును వెర్షనును వ్రాయించి, యూ-బూట్ దానిని చదివి తగిన డివైస్ ట్రీని ఎన్నుకొనునట్లు చేయవచ్చును. ఈఈప్రామ్‌కు స్థలము లేనిచో రెండు మూడు జీపీఐఓ పిన్నులకు రెసిస్టర్లు కట్టి రివిజను సంఖ్యను తెలుపవచ్చును. ఈ ఏర్పాటును హార్డ్‌వేరు డిజైనరుతో మొదటి స్కిమాటిక్ రివ్యూలోనే మాటలాడి కోరవలెను. బోర్డులు ఫ్యాక్టరీ నుండి వచ్చిన పిదప ఏ సాఫ్ట్‌వేరును దానిని చేర్చజాలదు.